పీఐడీ చేతిలో ఉంది, విండో దొరకడం లేదు: తెర మీది విండో ఏ ప్రాసెస్‌దో తేల్చడం ఎలా?

కొత్తకోడరు

అందరికీ నమస్కారం. విజయవాడలో ఒక ఆడిటర్ కార్యాలయంలో కంప్యూటర్ల పని చూస్తుంటాను. మా ఆపరేటర్లు ఒకే అకౌంటింగ్ ప్రోగ్రామును రెండుసార్లు తెరిచి, ఎడమవైపు ఒక క్లయింటు లెక్కలు, కుడివైపు మరొకరివి పెట్టుకుని పనిచేస్తారు. రోజూ ఆ విండోలను మౌసుతో లాగి సర్దుకోవడం వాళ్లకు విసుగు. అందుకని పైథాన్‌లో ఒక స్క్రిప్టు మొదలుపెట్టాను. ప్రోగ్రామును తెరవాలి, దాని పీఐడీ (నడుస్తున్న ప్రోగ్రాముకు, అంటే ప్రాసెస్‌కు, సిస్టమ్ ఇచ్చే నంబరు) పట్టుకోవాలి, ఆ పీఐడీకి చెందిన విండోను వెతికి తెరలో సగానికి జరపాలి. ఇంతే పని.

నోట్‌ప్యాడ్‌తో చక్కగా నడిచింది. అసలు ప్రోగ్రాము దగ్గరకు వచ్చేసరికి విండో కళ్లముందే ఉంది, నా స్క్రిప్టు మాత్రం ఆ పీఐడీకి విండోలే లేవంటోంది. అనుమానం వచ్చి కాలిక్యులేటర్‌తో చూశాను. అదీ అంతే. పైగా టాస్క్ మేనేజరులో ఆ పీఐడీయే కనబడటం లేదు. విండోస్ 10, 64 బిట్.

మరో సంగతి. ఒక కంప్యూటర్‌లో అప్పుడప్పుడు నల్లటి విండో ఒకటి మెరిసి మాయమవుతోంది. అది ఎవరిదో పట్టుకునే దారి ఉందా?

సూటిగా

ఇంత తతంగం ఎందుకండీ? విండో టైటిల్ తెలుసు కదా. ఫైండ్‌విండో ఫంక్షనుకు టైటిల్ ఇస్తే హ్యాండిల్ (ఆ విండోను గుర్తించే అంకె) వచ్చేస్తుంది. పీఐడీ గొడవే అక్కర్లేదు.

పాతకీబోర్డు

సూటిగా గారూ, ఆయన తెరుస్తున్నది రెండు కాపీలు. తెరిచిన క్షణాన రెంటి టైటిలూ ఒకటే. ఫైండ్‌విండో వాటిలో ఒకదాన్ని ఇస్తుంది, అది ఏదో చెప్పలేం. అదీగాక టైటిల్ అన్నది ప్రోగ్రాము తన ఇష్టం వచ్చినట్టు రాసుకునే మాట. ఎవరైనా ఆ ప్రోగ్రాము గురించిన పేజీని బ్రౌజరులో తెరిచినా టైటిల్లో అదే పేరు ఉంటుంది.

కొత్తకోడరు గారూ, మీరు వెతుకులాటను రెండో కొస నుంచి మొదలుపెట్టారు. విండోస్‌లో ప్రతి విండో ఒక థ్రెడ్‌ది (ప్రాసెస్ లోపల నడిచే ఒక పనివరస), ఆ థ్రెడ్ ఒక ప్రాసెస్‌ది. విండో పుట్టినప్పుడే సిస్టమ్ ఈ సంగతి నమోదు చేసుకుంటుంది. అందుకే హ్యాండిల్ ఇచ్చి "ఈ విండో ఎవరిది?" అని అడిగితే గెట్‌విండోథ్రెడ్‌ప్రాసెస్‌ఐడీ ఫంక్షను తడుముకోకుండా చెబుతుంది. "ఈ ప్రాసెస్ విండో ఏది?" అని అడగడానికి మాత్రం సూటి ఫంక్షను లేదు. ఎవరు రాసినా చేసేది ఒకటే: ఎన్యుమ్‌విండోస్‌తో పైస్థాయి విండోలన్నిటినీ (మరో విండో లోపల లేనివాటిని) వరసగా తీసుకుని, ఒక్కొక్కదాన్నీ నీ పీఐడీ ఎంత అని అడిగి, కావలసినవి ఏరుకోవడం.

ఏరుకున్నాక కూడా పని అయిపోదు. ఒక్క ప్రాసెస్‌కే అరడజను విండోలు తేలవచ్చు. గ్రాఫిక్స్ ఉన్న థ్రెడ్‌లకు "డిఫాల్ట్ ఐఎంఈ" అనే అదృశ్య విండో ఉంటుంది, టూల్‌టిప్పులకు వేరే విండోలు, గడియారం పక్కన కూర్చునే ఐకానుకు సందేశాలు అందుకోవడానికి మరొకటి. "ప్రధాన విండో" అనే భావనే విండోస్‌కు లేదు. డాట్‌నెట్‌లో ప్రాసెస్ క్లాసు ఇచ్చే మెయిన్‌విండోహ్యాండిల్ కూడా ఊహే: కనబడుతూ ఉండాలి, మరో విండో దానికి ఓనరుగా ఉండకూడదు, అలాంటి మొదటిదాన్ని తెచ్చి ఇస్తుంది. చాలాసార్లు సరిపోతుంది. స్ప్లాష్ తెర (తెరుచుకునేటప్పుడు కాసేపు కనబడే బొమ్మ) వేసే ప్రోగ్రాములతో దెబ్బతింటుంది. పైగా ఒకసారి తెచ్చిన విలువను దాచుకుని మళ్లీ అదే ఇస్తుంది కాబట్టి, రీఫ్రెష్ పిలవకపోతే పోయిన స్ప్లాష్ తెర హ్యాండిలే మీ చేతికి వస్తూ ఉంటుంది.

మీ అసలు చిక్కు ఇది కాదనుకుంటాను. మీరు తెరిచిన ప్రాసెస్, విండో వేసిన ప్రాసెస్ వేర్వేరు. ఇది రెండు రకాలుగా జరుగుతుంది. మొదటి రకంలో మీరు నడిపిన ఈఎక్స్‌ఈ ఫైలు వట్టి లాంచర్. అది అసలు ప్రోగ్రామును పిల్ల ప్రాసెస్‌గా లేపి తాను నిష్క్రమిస్తుంది. రెండో రకంలో అప్పటికే నడుస్తున్న కాపీకి "ఇంకో విండో తెరువు" అని సందేశం పంపి తప్పుకుంటుంది. బ్రౌజర్లు, వర్డ్, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అన్నీ ఈ రెండో కోవలోవే. రెండు రకాల్లోనూ మీ చేతిలో మిగిలేది చనిపోయిన పీఐడీ. విండోస్ 10లో కాల్క్ అనే ఈఎక్స్‌ఈ కూడా అలాంటి చిన్న లాంచరే.

మీ ప్రోగ్రాముది ఏ రకమో ముందు తేల్చుకోండి. సిస్‌ఇంటర్నల్స్ వారి ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో పైన గురి గుర్తులాంటి బొమ్మ ఉంటుంది. దాన్ని మౌసుతో పట్టుకుని విండో మీద వదిలితే జాబితాలో దాని ప్రాసెస్ ఎంపికవుతుంది. ఆ పీఐడీనీ, మీ స్క్రిప్టు చూపిన పీఐడీనీ పక్కపక్కన పెట్టి చూడండి.

ఉల్లిపొర

పాతకీబోర్డు గారు చెప్పిందానికి చిన్న చేర్పు. పైవిన్32 (విండోస్ ఫంక్షన్లను పైథాన్‌కు అందించే లైబ్రరీ) వాడుతున్నట్లయితే గెట్‌విండోథ్రెడ్‌ప్రాసెస్‌ఐడీ రెండు అంకెలు తిరిగి ఇస్తుంది. మొదటిది థ్రెడ్ ఐడీ, రెండోది పీఐడీ. పేరులో ఉన్న వరసే. మొదటి అంకెను పీఐడీ అనుకుని పోల్చే కోడు నెట్‌లో బోలెడు తిరుగుతోంది. రెండూ ఒకే రకం అంకెల్లా ఉంటాయి కాబట్టి తప్పు కంటికి ఆనదు.

ఇంకొకటి. మీ స్క్రిప్టును వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్ ఫోల్డరు) నుంచి నడుపుతున్నారా? పైథాన్ 3.7.2 నుంచి విండోస్‌లో ఆ ఫోల్డరులో ఉండే పైథాన్ ఈఎక్స్‌ఈ కూడా లాంచరే. అసలు పైథాన్ దాని పిల్లగా నడుస్తుంది. ఒక పైథాన్ ప్రోగ్రామును మరో పైథాన్ ప్రోగ్రాముతో తెరిచి పీఐడీ పోల్చేవాళ్లకు ఇక్కడ తల తిరుగుతుంది.

కొత్తకోడరు

గురి బొమ్మ బ్రహ్మాండంగా ఉందండీ. ఫలితాలు ఇవి.

అకౌంటింగ్ ప్రోగ్రాము: నేను నడిపిన ఈఎక్స్‌ఈ పేరు ఒకటి, విండో ఓనరు పేరు మరొకటి. రెండూ ఒకే ఫోల్డరులో ఉన్నాయి. అంటే లాంచర్ రకమే.

కాలిక్యులేటర్: ఇక్కడే అయోమయం. నా స్క్రిప్టు ఆ విండో ఓనరు "అప్లికేషన్‌ఫ్రేమ్‌హోస్ట్" అంటోంది. సెట్టింగ్స్ తెరిచి అడిగినా అదే పేరు, అదే పీఐడీ! రెండు వేర్వేరు యాప్‌లకు ఒకే ప్రాసెస్ ఎలా ఓనరవుతుంది?

పాతకీబోర్డు

ఫ్రేము ఒకరిది, బొమ్మ మరొకరిది. స్టోరు రకం యాప్‌లకు, అంటే యూడబ్ల్యూపీ యాప్‌లకు, చుట్టూ ఉండే చట్రం, టైటిల్ పట్టీ, మూసే బొత్తాము అన్నీ అప్లికేషన్‌ఫ్రేమ్‌హోస్ట్ గీస్తుంది. తెరిచిన అలాంటి యాప్‌లన్నిటి చట్రాలూ దానివే. అందుకే పైస్థాయి విండోను అడిగితే నిజాయితీగానే తన పేరు చెబుతోంది. యాప్ స్వయంగా వేసుకున్నది లోపలి పిల్ల విండో. దాని క్లాసు పేరు "విండోస్.యూఐ.కోర్.కోర్‌విండో". ఎన్యుమ్‌చైల్డ్‌విండోస్‌తో చట్రం లోపలికి దిగి, చట్రం పీఐడీకి భిన్నమైన పీఐడీ ఉన్న పిల్లను వెతకండి. కాలిక్యులేటర్ అసలు ప్రాసెస్ అక్కడ తేలుతుంది.

ఒక మెలిక: యాప్‌ను మినిమైజ్ చేసినప్పుడు ఆ కోర్‌విండో చట్రం కింద కనబడకపోవచ్చు. కాబట్టి విండో తెర మీద ఉండగానే జతను గుర్తించి రాసిపెట్టుకోవడం మేలు. మీ అకౌంటింగ్ ప్రోగ్రాముకు ఇదేమీ అవసరం లేదు. కాలిక్యులేటర్‌ను పరీక్షకు పెట్టుకోవడం మానేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

సూటిగా

> విండో తెర మీద ఉండగానే జతను గుర్తించి రాసిపెట్టుకోవడం మేలు

అయితే ఇంకా సులువు మార్గం ఉంది. ప్రోగ్రాము తెరవక ముందు విండోల జాబితా ఒకటి తీసుకోవాలి, తెరిచాక మరొకటి. కొత్తగా చేరినదే మనది. పీఐడీతో పనేముంది?

ఉల్లిపొర

ఆ రెండు జాబితాల మధ్య ఆపరేటరు వాట్సాప్ తెరిస్తే? లేదా ఏదో నోటిఫికేషన్ వస్తే? కొత్తవి రెండు మూడు ఉంటాయి. కార్యాలయంలో ఉదయం పూట అన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి కాబట్టి ఇది అరుదైన సంగతేమీ కాదు. తేడా చూడటం మంచి ఆలోచనే, దానికి ఈఎక్స్‌ఈ పూర్తి దారి కూడా కలపండి. కొత్త విండోలలో ఫలానా ఫోల్డరులోని ఫలానా ఫైలుది మాత్రమే తీసుకోవాలి.

పిల్ల ప్రాసెస్‌లను వెతికే దారి కూడా ఉంది, జాగ్రత్తగా వాడాలి. టూల్‌హెల్ప్ అనే విండోస్ ఫంక్షన్లు ఇచ్చే ప్రాసెస్‌ల జాబితాలో ప్రతి ప్రాసెస్‌కూ దాని తల్లి పీఐడీ ఉంటుంది. అయితే తల్లి నిష్క్రమించినా ఆ అంకె అలాగే ఉండిపోతుంది. మన పాత ఫోను నంబరును కంపెనీ మరొకరికి కేటాయించినట్టు, విండోస్ ఆ పీఐడీని కొత్త ప్రాసెస్‌కు ఇచ్చేయవచ్చు. అప్పుడు సంబంధం లేనివాడు తల్లిగా కనబడతాడు. అందుకే పీఐడీతో పాటు ప్రాసెస్ పుట్టిన సమయం కూడా చూడాలి. తల్లి కంటే పిల్ల ముందు పుట్టినట్టు లెక్క వస్తే ఆ చుట్టరికం అబద్ధం. పీఎస్‌యుటిల్ లైబ్రరీ ఈ పోలిక తానే చేస్తుంది. కానీ లాంచర్ అప్పటికే పోయి ఉంటే "అలాంటి ప్రాసెస్ లేదు" అని ఆగిపోతుంది.

గట్టి పద్ధతి కావాలంటే జాబ్ ఆబ్జెక్ట్, అంటే ప్రాసెస్‌లను ఒక గుంపుగా కట్టే విండోస్ ఏర్పాటు. ప్రాసెస్‌ను సస్పెండ్ చేసిన స్థితిలో పుట్టించి, జాబ్‌లో వేసి, ఆ తర్వాత నడవనిస్తే, అది లేపే పిల్లలు మామూలుగా అదే జాబ్‌లో పడతాయి. లాంచర్ పోయినా జాబ్ ఉంటుంది. విండో ఓనరు ఆ జాబ్‌లో ఉన్నదా అని అడిగితే చాలు.

ఇక మీ నల్ల విండో. అది కన్సోల్ విండో (కమాండ్లు నడిచే, అక్షరాలు మాత్రమే కనబడే విండో) అయి ఉంటుంది. గురి బొమ్మ అక్కడ పనికిరాదు, మౌసు తీసుకెళ్లేలోపే పోతుంది. సిస్‌ఇంటర్నల్స్ వారిదే మరో పనిముట్టు ప్రాసెస్ మానిటర్‌ను నడుస్తూ ఉండనివ్వండి. విండో మెరిసిన వెంటనే రికార్డింగ్ ఆపి, టూల్స్‌లో ప్రాసెస్ ట్రీ తెరవండి. బతికి ఉన్నవే కాక, ఆ మధ్యలో పుట్టి పోయినవి కూడా తల్లులతో సహా అందులో ఉంటాయి. ఎప్పుడు వస్తుందో తెలియని విండో అయితే ప్రాసెస్ పుట్టుకల ఆడిటింగ్ ఆన్ చేసి, సెక్యూరిటీ లాగ్‌లో 4688 నంబరు ఈవెంట్లు చూడండి. కమాండ్ లైను కూడా కావాలంటే దానికి వేరే పాలసీ సెట్టింగు ఆన్ చేయాలి.

తుంగభద్ర

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. కన్సోల్ విండో అంటే గుర్తొచ్చింది. కన్సోల్ విండోను నిజంగా గీసేది కాన్‌హోస్ట్ కదా? మరి పీఐడీ అడిగితే నా సీ ప్రోగ్రాము పీఐడీ వస్తోంది. మా కాలేజీ ల్యాబులో పిల్లలు ఇది ఎందుకని అడిగారు.

పాతకీబోర్డు

పిల్లలు మంచి ప్రశ్న వేశారు. ఇది విండోస్ పాత ప్రోగ్రాముల కోసం కావాలని చెప్పే అబద్ధం. విస్టా దాకా కన్సోల్ విండోలన్నిటినీ సీఎస్ఆర్ఎస్ఎస్ అనే సిస్టమ్ ప్రాసెస్ గీసేది. విండోస్ 7 నుంచి ఆ పని కాన్‌హోస్ట్‌కు వచ్చింది. కానీ కన్సోల్ విండో హ్యాండిల్ పట్టుకుని, పీఐడీ అడిగి, తన ప్రోగ్రామును వెతుక్కునే కోడు ఎప్పటి నుంచో ఉంది. అది చెడిపోకూడదని గెట్‌విండోథ్రెడ్‌ప్రాసెస్‌ఐడీ కన్సోల్ విండో విషయంలో కాన్‌హోస్ట్ పేరు దాచి, ఆ కన్సోల్‌కు తగులుకున్న ప్రోగ్రాము పీఐడీ ఇస్తుంది.

ల్యాబులో విండోస్ టెర్మినల్ ఉంటే కథ మళ్లీ మారుతుంది. అక్కడ కనబడే విండో టెర్మినల్ ప్రాసెస్‌ది. ఒకే విండోలో పది ట్యాబులు, పది షెల్లులు (మనం కొట్టే కమాండ్లను నడిపే ప్రోగ్రాములు) ఉండవచ్చు. లోపలి ప్రోగ్రాము గెట్‌కన్సోల్‌విండో పిలిస్తే కంటికి కనబడని ఒక నకిలీ విండో హ్యాండిల్ వస్తుంది. దాన్ని జరిపినా తెర మీద ఏమీ కదలదు.

పెంగ్విన్‌ప్రియ

విండోస్ వాళ్ల కష్టాలు చదువుతుంటే జాలేస్తోంది, కానీ లైనక్స్ వైపు పరిస్థితి ఇంకా విచిత్రం. ఎక్స్11లో (లైనక్స్‌లో విండోలను తెర మీద చూపే పాత వ్యవస్థ) విండో ఎవరిదో చెప్పే పద్ధతి ఏమిటో తెలుసా? ప్రోగ్రామునే అడగడం! "నెట్ డబ్ల్యూఎం పీఐడీ" అనే ప్రాపర్టీలో ప్రోగ్రాము తన పీఐడీని తానే రాసుకోవాలి. ఎక్స్‌ప్రాప్ నడిపి విండో మీద నొక్కితే చూపేదీ అదే, డబ్ల్యూఎంకంట్రోల్ జాబితాలో పీఐడీ గడిలో వేసేదీ అదే. రాయకపోతే లేదు. తప్పు రాస్తే తప్పే.

తప్పు రాయడం కల్పన కాదు. ఫ్లాట్‌ప్యాక్ (యాప్‌లను విడి గదిలో నడిపే పద్ధతి) యాప్ తన సొంత పీఐడీ నేమ్‌స్పేస్‌లో, అంటే బయటి లెక్కతో పొంతన లేని విడి పీఐడీల లెక్కలో, బతుకుతుంది. లోపల దాని పీఐడీ 2 అనుకుంటే, ప్రాపర్టీలో 2 అనే రాస్తుంది. బయట 2 అంటే కెర్నెల్ థ్రెడ్! మన స్క్రిప్టు పోయి దాన్ని యాప్ అనుకుంటుంది. అలాగే ఎస్ఎస్‌హెచ్ ద్వారా దూరపు సర్వరులో నడుస్తున్న ప్రోగ్రాము విండో మన తెర మీదికి వస్తే, అందులో ఉన్న పీఐడీ ఆ సర్వరుది. అందుకే క్లయింట్ మెషీన్ అనే మరో ప్రాపర్టీలో యంత్రం పేరు రాస్తారు. రెండూ కలిపి చూడకుండా కిల్ కొట్టడం ప్రమాదం.

నమ్మదగిన దారి ఎక్స్-రిసోర్స్ ఎక్స్‌టెన్షన్ 1.2. ఇందులో ప్రోగ్రాము మాటతో పని లేదు. సాకెట్‌కు (ప్రోగ్రాముకూ సర్వరుకూ మధ్య ఉండే కనెక్షన్) అవతల ఉన్నది ఎవరని ఎక్స్ సర్వరు కెర్నెల్‌నే అడిగి తెలుసుకుంటుంది, మనకు ఆ పీఐడీ ఇస్తుంది. ఎస్ఎస్‌హెచ్ విండోకు ఇలా అడిగితే మన యంత్రంలోని ఎస్ఎస్‌హెచ్ ప్రాసెస్ పీఐడీ వస్తుంది. సాకెట్‌కు తగులుకుని ఉన్నది అదే కదా.

ఎక్స్‌కిల్‌ను చూసి మోసపోకండి. అది ప్రాసెస్‌ను చంపదు, సర్వరుతో ఉన్న కనెక్షన్ తెంపుతుంది. కనెక్షన్ పోగానే చాలా ప్రోగ్రాములు తామే ఆగిపోతాయి కాబట్టి చంపినట్టు అనిపిస్తుంది.

నల్లతెర

పెంగ్విన్‌ప్రియ గారూ, ఎక్స్11 కథలు ఎవరికి కావాలి? ఉబుంటు 21.04 నుంచి చాలా యంత్రాల్లో ఎక్స్11 స్థానంలో వచ్చిన వేలాండే డిఫాల్ట్. నేను ఏ విండో ఎంతసేపు ముందుంది అని లెక్కపెట్టే చిన్న పనిముట్టు రాసుకున్నాను. వేలాండ్‌లో ఎక్స్‌డూటూల్ (ఎక్స్11 విండోలను వెతికి కదిలించే పనిముట్టు) కొన్ని విండోలను చూపుతుంది, కొన్నిటిని అసలు లేనట్టే వదిలేస్తుంది. ఇది అభివృద్ధా?

పెంగ్విన్‌ప్రియ

అది చూపేవి ఎక్స్‌వేలాండ్ (ఎక్స్11 ప్రోగ్రాములను వేలాండ్‌లో నడిపే మధ్యవర్తి) మీద నడిచే పాత రకం ప్రోగ్రాములు. అసలు వేలాండ్ విండోలు దానికి కనబడవు, కనబడకూడదు కూడా. ఒక ప్రోగ్రాముకు పక్క ప్రోగ్రాము విండోల జాబితా ఇవ్వకూడదని ఆ ప్రోటోకాల్‌ను అలా కట్టారు. మీ బ్యాంకు పాస్‌వర్డు విండో ఎక్కడుందో ప్రతి ఆటకూ తెలియాల్సిన పని లేదు.

జవాబు కంపోజిటర్ (వేలాండ్‌లో విండోలన్నిటినీ కలిపి తెర మీద చూపే ప్రోగ్రాము) దగ్గర ఉంటుంది. ప్రతి క్లయింటు పీఐడీ దానికి సాకెట్ ద్వారా కెర్నెల్ నుంచి అందుతుంది, క్లయింటు నోటి మాట కాదు. ఇష్టమైతే మనకూ చెబుతుంది. స్వే అనే కంపోజిటర్ వాడేవారు స్వేమెసేజ్‌ను గెట్‌ట్రీ అడిగితే ప్రతి విండో పక్కనా పీఐడీ ఉంటుంది. హైపర్‌ల్యాండ్‌లో హైపర్‌కంట్రోల్ క్లయింట్స్. కేడీఈలో క్విన్ స్క్రిప్టు రాసుకోవచ్చు. గ్నోమ్ షెల్ లోపల బయటి నుంచి కోడు నడిపే దారిని 41వ వెర్షనులో మూసేశారు కాబట్టి ఎక్స్‌టెన్షన్ రాయాల్సిందే.

నల్లతెర

అదే నా బాధ. విండోస్‌లో ఒక ఫంక్షను. ఇక్కడ స్వేకి ఒకటి, కేడీఈకి ఒకటి, గ్నోమ్‌కి ఏకంగా ఎక్స్‌టెన్షన్. ఒకే పనిని ఎన్నిసార్లు రాయాలి? భద్రత అంటే యజమానిని కూడా బయట నిలబెట్టడమా?

పెంగ్విన్‌ప్రియ

ఈ ఫిర్యాదులో న్యాయం ఉంది, కాదనను. అన్ని కంపోజిటర్లకూ ఉమ్మడిగా ఫారిన్ టాప్‌లెవెల్ లిస్ట్ అనే ప్రోటోకాల్ వచ్చింది, కానీ అది టైటిల్, యాప్ ఐడీ ఇస్తుంది తప్ప పీఐడీ ఇవ్వదు. మీ లెక్కకు యాప్ ఐడీ చాలదా? ఏ ప్రోగ్రాము ముందు ఎంతసేపు కూర్చున్నారన్నది కదా మీకు కావలసింది.

పీఐడీయే కావాలంటే ఎక్స్‌వేలాండ్ దగ్గర ఒక జాగ్రత్త. పాత ఎక్స్ ప్రోగ్రాములన్నీ కంపోజిటర్‌కు ఒకే కనెక్షను మీద వస్తాయి. సాకెట్‌ను అడిగితే వాటన్నిటికీ ఎక్స్‌వేలాండ్ పీఐడీయే వస్తుంది. ఇందాక కొత్తకోడరు గారికి తగిలిన అప్లికేషన్‌ఫ్రేమ్‌హోస్ట్ చిక్కే మరో రూపంలో.

గ్నోమ్ టెర్మినల్ వాడేవారికి కూడా ఇలాంటిదే. విండోలన్నీ ఒకే టెర్మినల్ సర్వర్ ప్రాసెస్‌వి. పీఐడీ తెలిసినంత మాత్రాన ఏ విండోలో ఏ షెల్ నడుస్తోందో తేలదు. ఎక్స్‌టర్మ్ మాత్రం విండోకు ఒక ప్రాసెస్ లేపుతుంది, పైగా విండోఐడీ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో తన విండో నంబరును లోపలి షెల్‌కు అందిస్తుంది. పాతకాలపు మర్యాద.

డల్లాస్‌బాబాయి

మ్యాక్ సంగతి ఎవరూ ఎత్తలేదు. నాలుగు ముక్కల్లో చెబుతాను. కోర్ గ్రాఫిక్స్‌లో విండోల జాబితా ఇచ్చే ఫంక్షను ఉంది, ప్రతి విండోకూ ఓనరు పీఐడీ, ఓనరు పేరు అడక్కుండానే ఇస్తుంది. కాటలీనా అంటే 10.15 నుంచి టైటిల్ కావాలంటే మాత్రం స్క్రీన్ రికార్డింగ్ అనుమతి ఉండాలి. విండోను జరపాలంటే యాక్సెసిబిలిటీ అనుమతి వేరే. అనుమతి లేకపోతే టైటిల్ గడి ఖాళీగా వస్తుంది తప్ప తప్పు జరిగిందని చెప్పదు. మా పిల్లవాడు ఒక సాయంత్రమంతా తన కోడులో తప్పు వెతుక్కున్నాడు.

తుంగభద్ర

బాబాయి గారూ, పనిలో పనిగా ఇంకో సందేహం. ఎవరైనా చెప్పవచ్చు. ల్యాబులో క్రోమ్ తెరిస్తే టాస్క్ మేనేజరులో పదుల కొద్దీ ప్రాసెస్‌లు. వాటిలో విండో ఎవరిది? ఒక ట్యాబు ఏ ప్రాసెస్‌దో బయటి నుంచి తెలుస్తుందా?

ఉల్లిపొర

పైస్థాయి విండోలన్నీ ఒక్క ప్రధాన బ్రౌజర్ ప్రాసెస్‌వే. ట్యాబు లోపలి పేజీని తయారుచేసే రెండరర్ ప్రాసెస్‌కు తెర మీద సొంత విండో ఉండదు. కాబట్టి విండో హ్యాండిల్ పట్టుకుని ట్యాబు ప్రాసెస్ దాకా వెళ్లలేరు. ఆ లెక్క బ్రౌజరుకే తెలుసు. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. ప్రాసెస్ ఐడీ గడి కూడా ఉంటుంది. ఒకే సైటు ట్యాబులు కొన్నిసార్లు ఒకే ప్రాసెస్‌ను పంచుకుంటాయి.

పిల్లలకు చూపించడానికి సరదా అయినది ఒకటి ఉంది. విజువల్ స్టూడియోతో వచ్చే స్పై++లో క్రోమ్ విండో లోపలికి దిగండి. "ఇంటర్మీడియట్ డీ3డీ విండో" అనే పిల్ల విండో కనబడుతుంది. దాని పీఐడీ బ్రౌజర్‌ది కాదు, జీపీయూ ప్రాసెస్‌ది. తల్లి విండో ఒక ప్రాసెస్‌ది, పిల్ల విండో మరొకదానిది కావచ్చని నిరూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

కొత్తకోడరు

ఆలస్యంగా వచ్చాను, కానీ మంచి వార్తతో వచ్చాను.

నల్ల విండో దొరికింది. ప్రాసెస్ ట్రీలో దాని పైన టాస్క్ షెడ్యూలర్ ఉంది. ప్రింటరుతో పాటు ఎప్పుడో ఎక్కించిన సాఫ్ట్‌వేరు తన కొత్త వెర్షను ఉందేమో చూసుకోవడానికి ఒక బ్యాచ్ ఫైలు నడుపుతోంది. షెడ్యూలు తీసేశాను.

అకౌంటింగ్ ప్రోగ్రాము వరస ఇలా ఉంది. లాంచర్ వచ్చి అప్‌డేట్ ఉందేమో చూసి, అసలు ఈఎక్స్‌ఈని లేపి పోతుంది. అది లాగిన్ విండో వేస్తుంది. పాస్‌వర్డు కొట్టాక లాగిన్ విండోను మూసేసి పెద్ద విండోను కొత్తగా పుట్టిస్తుంది. అంటే పీఐడీ సరిగ్గా పట్టుకున్నా, మొదట దొరికిన హ్యాండిల్ దాచుకుంటే లాభం లేదు, రెండో విండో కోసం కాచుకుని ఉండాలి. ప్రస్తుతం అర సెకనుకొకసారి విండోలన్నీ తిరగేస్తున్నాను. పనిచేస్తోంది కానీ మొరటుగా ఉంది.

ఒక యంత్రంలో మాత్రం విండో దొరికినా జరగడం లేదు. పీఐడీ వస్తోంది, ఈఎక్స్‌ఈ దారి అడిగితే అనుమతి లేదంటోంది.

పాతకీబోర్డు

ఆ యంత్రంలో ప్రోగ్రామును అడ్మినిస్ట్రేటరుగా నడుపుతున్నారు, మీ స్క్రిప్టును మామూలు యూజరుగా. విస్టా నుంచి తక్కువ స్థాయి ప్రాసెస్ ఎక్కువ స్థాయి ప్రాసెస్ విండోలను కదిలించలేదు. చూడనిస్తుంది, ముట్టుకోనివ్వదు. షార్ట్‌కట్ లక్షణాల్లో అడ్మినిస్ట్రేటరుగా నడపమన్న టిక్కు తీసేయండి. అకౌంటింగ్ ప్రోగ్రాముకు ఆ అధికారం ఎందుకు?

ఈఎక్స్‌ఈ దారికి మాత్రం టిక్కు తీయకపోయినా మార్గం ఉంది. ఓపెన్‌ప్రాసెస్‌లో పూర్తి సమాచార హక్కు బదులు "క్వెరీ లిమిటెడ్ ఇన్ఫర్మేషన్" హక్కు అడగండి, ఆపై క్వెరీఫుల్‌ప్రాసెస్‌ఇమేజ్‌నేమ్ పిలవండి. 32 బిట్ పైథాన్ నుంచి 64 బిట్ ప్రోగ్రాము దారి అడిగినప్పుడు వచ్చే చిక్కు కూడా దీనితో పోతుంది.

అర సెకను తిరగేయడం బదులు సెట్‌విన్‌ఈవెంట్‌హుక్‌తో ఒక హుక్ (ఏదైనా జరగగానే మన ఫంక్షనును పిలిచే ఏర్పాటు) పెట్టుకోండి. విండో కనబడగానే "ఆబ్జెక్ట్ షో" ఈవెంటు వస్తుంది, హ్యాండిల్ దానితోనే వస్తుంది. హ్యాండిల్ నుంచి పీఐడీ, పీఐడీ నుంచి ఈఎక్స్‌ఈ దారి, సరిపోతే జరపడం. ఈవెంటు విండోకే కాక లోపలి బొత్తాములకూ వస్తుంది కాబట్టి ఆబ్జెక్ట్ ఐడీ సున్నా ఉన్నవాటినే తీసుకోండి, అందులోనూ పైస్థాయి విండోలనే.

సూటిగా

అన్నీ బాగున్నాయి కానీ, రెండు కాపీలలో ఎడమవైపు ఏది, కుడివైపు ఏది? రెంటి ఈఎక్స్‌ఈ ఒకటే, కమాండ్ లైను ఒకటే. నేను మొదట చెప్పిన టైటిలే మళ్లీ కావాలి కదా!

కొత్తకోడరు

నిజమే సూటిగా గారూ, అక్కడ టైటిలే దిక్కు. ఆపరేటరు కంపెనీని ఎంచుకున్నాక టైటిల్లో ఆ పేరు చేరుతుంది. ముందు పీఐడీ, ఈఎక్స్‌ఈతో మన ప్రోగ్రామే అని తేల్చి, "నేమ్ చేంజ్" ఈవెంటు వచ్చినప్పుడు టైటిల్ చదివి ఎటు పెట్టాలో నిర్ణయిస్తున్నాను. హుక్ పెట్టాను. మొదటి కొన్ని ఈవెంట్లు వస్తున్నాయి, ఆపైన పైథాన్ ఒక్క మాట చెప్పకుండా కుప్పకూలుతోంది.

ఉల్లిపొర

పైథాన్ సీటైప్స్ లైబ్రరీతో చేసిన కాల్‌బ్యాక్‌ను (ఈవెంటు వచ్చినప్పుడు విండోస్ పిలిచే మన ఫంక్షను) ఫంక్షను లోపలే సృష్టించి హుక్‌కు అందించి ఉంటారు. పైథాన్ వైపు దాన్ని పట్టుకున్నవారెవరూ లేకపోతే వాడుకలో లేనివాటిని తీసేసే గార్బేజ్ కలెక్టర్ ఊడ్చేస్తుంది, విండోస్ మాత్రం ఆ పాత అడ్రసుకే పిలుస్తూ ఉంటుంది. దాన్ని మాడ్యూల్ స్థాయి వేరియబుల్‌లో ఉంచండి. అలాగే హుక్ పెట్టిన థ్రెడ్‌లోనే మెసేజ్ లూప్ తిరుగుతూ ఉండాలి. స్లీప్ పెట్టి కూర్చుంటే ఒక్క ఈవెంటూ రాదు.

కొత్తకోడరు

వేరియబుల్ పైకి తెచ్చాను. మధ్యాహ్నం నుంచి ఆగలేదు. అడ్మినిస్ట్రేటర్ టిక్కు తీసేశాక ఆ మొండి యంత్రంలో కూడా విండోలు జరుగుతున్నాయి. కోడు శుభ్రం చేసి ఇక్కడే పెడతాను.

నల్లతెర

పెట్టేటప్పుడు లాగ్‌లో పీఐడీతో పాటు ప్రాసెస్ పుట్టిన సమయం కూడా రాసేలా ఉంచండి. నా లైనక్స్ పనిముట్టుకు కూడా ఆ భాగం తీసుకుంటాను.